గోడ మీది పళ్ళు

మా అక్క మనవరాలు ఈ మధ్య కొర్రలడ్లు చేసి అమ్మడం మొదలుపెట్టింది. నంద్యాలలో, వాళ్ళ వంటింట్లోనే. లడ్డు బాగుంటుంది, నెయ్యి దగ్గర పిసినారితనం చేయదు. కానీ ఇప్పుడు లడ్డు బాగుంటే చాలదట. దానికో పేరుండాలి, పేరుకో రంగుండాలి, రంగు వెనక ఒక కథ, కథకో మొహం ఉండాలి. ఇదంతా కలిపి బ్రాండింగు అంటారని నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. మొన్న ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి చెప్పులైనా విప్పకముందే ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"అవ్వా, డబ్బా మింద నీ మొగం ఎయ్యాలనుకుంటాండా. ముసలామె బొమ్మ ఉంటే జనాలకు నమ్మకం. ఆ కుర్చీలో కూచో."

నాకు నవ్వాగలేదు.

"ఏందవ్వా, అట్ల నవ్వుతాండావ్?"

"నా మొగానికి ఇది కొత్త గాదులే పాపా. నీ లడ్డు కంటే ముందు ఇంగోటి అమ్మింది అది."

దానికి తల తోక అర్థం కాలేదు. ఫోను పక్కన పెట్టించి, కూర్చోబెట్టి చెప్పాను. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, చెప్పలేకపోయింది కూడా కొంచెం కలిపి.

నా చిన్నప్పుడు నంద్యాలలో మా ఇంటికి రావాలంటే ఎవరికీ గుర్తులు చెప్పాల్సిన పని ఉండేది కాదు. వీధి మలుపులోనే లవంగాల ఘాటు ముక్కుకు తగిలేది. మా నాయన పళ్ళపొడి చేసేవాడు. మా వైపు పళ్ళను పండ్లంటారు కాబట్టి పండ్లపొడి అనేవాళ్ళం. చేసే పద్ధతి మాత్రం జేజిది, అంటే నాయన వాళ్ళమ్మది. తుమ్మచెక్క, కరక్కాయ రోట్లో దంచేవాళ్ళు. వడ్ల ఊక మాడ్చిన బొగ్గు, పొంగించిన పటిక, వేయించిన ఉప్పు కలిపేవాళ్ళు. లవంగాలు అన్నిటికంటే చివర. ఆ తర్వాత పాత పంచె గుడ్డలో పోసి జల్లించేవాళ్ళు. ఆ రోజు మా ఇంట్లో తుమ్మనివాళ్ళు ఉండరు. మా అమ్మ గిన్నెలు ఎంత తోమినా మజ్జిగలో లవంగం వాసనే. చర్చిలో మా చాప పక్కన కూర్చున్నవాళ్ళు కీర్తన మధ్యలో తుమ్మి, మావైపు ఒక చూపు చూసి, మళ్ళీ అందుకునేవారు. బళ్ళో నా పేరు లవంగం. అసలు పేరు పంతులమ్మకు కూడా హాజరు పిలిచేటప్పుడే గుర్తొచ్చేది.

జేజి గురించి ఒక్క మాట ముందే చెప్పాలి. ఆమె నవ్వినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేది. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో వాళ్ళత్త, "ఆడది పండ్లు కనపడేట్టు నవ్వితే ఇంటికి మంచిది గాదు" అని చెప్పిందట. ఆ అత్త పోయి ఎన్నో ఏళ్ళయినా కొంగు మాత్రం దిగలేదు. ఆమె పళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ తోచలేదు.

పొడి వ్యాపారం పెట్టకముందు నాయన నూనె మిల్లులో గుమాస్తా. ఒక రోజు మిల్లు ఓనరు నలుగురి ముందు ఏదో అనరాని మాట అన్నాడు. ఇంట్లో చేసే పళ్ళపొడి అమ్ముకునైనా బతుకుతానని నాయన కండువా దులుపుకొని ఇంటికి వచ్చేశాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. నాయన వస్తుంటే మిల్లు వాకిట్లోంచి ఓనరు ఇంకో మాట వేశాడట. "పో అప్పా, పో. నాల్గు దినాలు బొగ్గు పొడి అమ్ముకొని రా. కుర్చీ యాడికీ పోదులే, ఆడ్నే ఉంటాది." ఆ మాట నాయనకు ముల్లులా దిగబడింది. ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోవడమంటే తల తీసి గుమ్మానికి వేలాడదీసినట్టేనని అమ్మతో అనేవాడు. అమ్మకు తల కంటే పొయ్యి ముఖ్యం. రోజూ ఇద్దరికీ వాదన. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. అహోబిలం తిరునాళ్ళ దాకా చూడటం, అప్పటికీ పొడి నిలదొక్కుకోకపోతే నాయన నోరు మూసుకుని మిల్లుకు పోవడం. జేజిని అడిగితే, "నాకేం తెల్సు" అంటూ కరక్కాయలు దంచుతూనే ఉంది.

నిలదొక్కుకోవాలంటే పొట్లానికి బొమ్మ కావాలి. ఆ రోజుల్లో చదువురాని వాళ్ళు సరుకును బొమ్మతోనే అడిగేవారు. అగ్గిపెట్టెకో పక్షి, బీడీకట్టకో జంతువు, ఊదుబత్తికో దేవుడు. ప్రెస్సు ఆయన తన దగ్గర లక్ష్మీదేవి అచ్చు తయారుగా ఉందన్నాడు. చర్చి పెద్ద ఒకాయన సిలువ వేసుకోమన్నాడు. జేజి రెంటికీ ఒకటే జవాబు చెప్పింది.

"తోముకొని ఉమ్మేసేదాని మింద దేవుడేందిరా? ఎవురి దేవుడైతే ఏమి? పొట్లం చింపినాక యాడ పారేస్తారు? కాలవలో. వద్దు."

ఇక జంతువుల వంతు వచ్చింది. ఏనుగు అన్నాడు నాయన. దానికి పళ్ళకంటే ముందు దంతాలే కనిపిస్తాయి. గుర్రం పళ్ళంటే మా వైపు తిట్టు. పులి బొమ్మ వేస్తే పొడి వాడినవాళ్ళు ఎవరినో కరుస్తారేమోనని అమ్మ వెటకారం చేసింది. సరిగ్గా అప్పుడు నేను గడప మీద కూర్చుని, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, వాళ్ళను చూసి ఇకిలిస్తున్నాను. నాయన నావైపు తిరిగి చూశాడు. చూసి, లేచి నిలబడ్డాడు.

"ఈ పాప పండ్లు చూడమ్మా, వరసలో పెట్టినట్టు ల్యా!"

అదే ఖాయమైంది. ఇంట్లో అంతమంది పెద్దవాళ్ళున్నారు, బయట ప్రెస్సు ఆయన, ఫోటో ఆయన, పెయింటరు ఉన్నారు. పళ్ళు ఊడే ఈడు పిల్లను పళ్ళపొడి మీదికి ఎక్కిస్తున్నామని ఒక్కరికి కూడా తట్టలేదు.

స్టూడియోకు ఎర్ర రిబ్బన్లతో వెళ్ళాను. ఫోటోలో రంగులు రావని చెప్పినా నేను వినలేదు. ఫోటో ఆయన నల్లగుడ్డలో తల దూర్చి, "నవ్వు పాపా, నవ్వు" అంటుంటే నాకు ఏడుపొచ్చేట్టుంది. ఇంతలో నాయన బట్టల్లోని లవంగం ఘాటు ఆ గుడ్డ కిందికి పోయినట్టుంది, ఆయన మూడు కాళ్ళ స్టాండుతో సహా ఊగిపోయేలా తుమ్మాడు. నేను పడి పడి నవ్వాను. ఆ నవ్వే కర్నూలుకు వెళ్ళి రేకు మీద అచ్చుగా మారి వచ్చింది. పచ్చ కాగితం మీద ఎర్ర సిరా. పైన "నంద్యాల పాప పండ్లపొడి", కింద "ఈ నవ్వే సాక్ష్యం". సాక్ష్యమనే మాట నాయన ఆదివారం ప్రసంగంలోంచి ఎత్తుకొచ్చాడు.

ఆళ్ళగడ్డ రోడ్డులో, బస్సులన్నీ ఊరు దాటే చోట, ఒక గోడంతా నా మొహమే. పెయింటరన్న నిచ్చెనేసుకుని గీశాడు. ఆయనకు నా మీద ప్రేమ ఎక్కువో, పనిలో ఉత్సాహం ఎక్కువో గానీ, మొక్కజొన్న కండెకు గింజలు పెట్టినట్టు మనిషికి ఉండాల్సిన వాటికంటే ఎక్కువ పళ్ళు పెట్టాడు. నా కంటికి మాత్రం అది లోకంలోకెల్లా అందమైన గోడ. అప్పటి నుంచి నేను మామూలు పిల్లను కాదు. అంగళ్ళ ముందు ఆగి, పొట్లాల దండ పక్కన నా మొహం పెట్టి నిలబడేదాన్ని. కొట్టాయన అటూ ఇటూ చూసి, పోల్చుకుని, ఒక బొరుగుల ఉండ చేతిలో పెట్టేవాడు. అది నా మామూలు. ఈ వసూలు సంగతి అమ్మకు తెలిసిన రోజు వీపు మీద గట్టి రశీదే పడింది.

నంద్యాలలో పాప పొడి అంటే తెలిసింది. కానీ ఒక్క ఊరి నోళ్ళతో ఇల్లు గడవదు. నాయన లెక్క వేరే ఉంది. అహోబిలం తిరునాళ్ళకు పోయే జనమంతా ఆళ్ళగడ్డలో దిగి బస్సు మారాలి. కోయిలకుంట్ల వాళ్ళు, కొలిమిగుండ్ల వాళ్ళు, ఇంకా ఎక్కడెక్కడి వాళ్ళో. "తిరునాళ్ళకొచ్చినోడు ఒగ పొట్లం కొంటే సాలు, సరుకు దానంతట అదే వాళ్ళూరికి పోతాది. మనం ఊరూరా తిరగాల్సిన పన్లేదు" అనేవాడు. దానికోసం కరపత్రాలు కొట్టించాడు. "పొట్లం మీది పాపను ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గర కళ్ళారా చూడండి! ఆ నవ్వును మీరే పరీక్షించండి!" గులాబీ రంగు కాగితాలు. రిక్షాలో మైకు పెట్టి చల్లించాడు. పిల్లకాయలు రిక్షా వెనక పరుగెత్తి ఏరుకున్నారు.

కరపత్రాలు పంచిన వారమే నా పైపన్ను కదిలింది.

ముందు నేనెవరికీ చెప్పలేదు, నాలుకతో ఊపుకుంటూ ఆడుకున్నాను. అమ్మ కనిపెట్టింది. ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. ఆ పక్క పన్ను కూడా మెత్తబడిందని తేలింది. నాకు శనగలు బందు, చెరుకు బందు, జొన్నరొట్టె బందు. పాలల్లో నానేసిన అన్నం, గంజి. అక్క నన్ను నవ్వించకూడదు, నేను పరుగెత్తకూడదు. రాత్రి ప్రార్థనలో జేజి రోగుల కోసం, ప్రయాణికుల కోసం, పరిపాలించే వాళ్ళ కోసం ప్రార్థించాక గొంతు తగ్గించి, "ప్రభువా, ఈ పాప పండ్లు రెండూ తిరునాళ్ళ దాకా నిలబెట్టు" అనేది. మేమంతా గట్టిగా ఆమెన్ అనేవాళ్ళం. అయినా ఒకటి నిద్రలో ఊడి దిండు మీద దొరికింది. నాయన నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫరవాల్యా. ఈ పక్కకు తిరిగి నవ్వితే కనపడదు. ఇంగోటి ఉండాది గదా" అన్నాడు. తను నమ్మడానికి అన్నాడో, అమ్మను నమ్మించడానికి అన్నాడో నాకు తెలియదు.

ఆళ్ళగడ్డకు నాయన, నేను, నన్ను చూసుకోవడానికి జేజి బయలుదేరాం. పొట్లాల మూటలు బస్సు మీద. దిగగానే నాకు వినిపించింది ఉలుల చప్పుడు. రోడ్డు వారనే శిల్పులు రాళ్ళు చెక్కుతున్నారు. తెల్లటి దుమ్ము, ఇంకా మొహాలు తేలని దేవుళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ నోళ్ళవైపు పరీక్షగా చూశాను. ఆ రోజుల్లో నాకు ఎవరిని చూసినా నోటి మీదే ధ్యాస.

పొద్దున్నే హోటల్లో నాయన నాకు ఉగ్గాని పెట్టించాడు. బొరుగులు నానబెట్టి తాలింపేసే ఉగ్గాని కంటే మెత్తటి తిండి ఇంకేముంది? బజ్జీ జోలికి కూడా పోనివ్వలేదు. రెండో ముద్దకే నోట్లో ఏదో గట్టిగా తగిలింది. ఉమ్మి చూస్తే పసుపు బొరుగుల మధ్య నా రెండో పన్ను. ముగ్గురం దానివైపు చూస్తూ ఉండిపోయాం. సర్వరు వచ్చి, "రాయి వచ్చిందా అన్నా?" అని కంగారుపడ్డాడు. నాయన ఆ పన్నును జేబురుమాలులో కట్టుకున్నాడు.

"ఎల్లిపోదాం పదరా" అంది జేజి.

"యాడికి పోతామమ్మా? ఊరంతా కాయితాలు పంచినాం."

నాయన నా ముందు గొంతుకూర్చున్నాడు. "పాపా, నోరు తెరవొద్దు. మూసుకొనే నవ్వు. ఏమడిగినా తల ఊపు. నీకు సిగ్గని నేను చెప్తా." నాకు నాయన మీద జాలేసింది. సరేనని నోరు మూసుకొనే చెప్పాను.

బస్టాండు పక్కన బల్ల వేసి, మైకు కట్టి, పొట్లాల దండలు వేలాడదీశాడు. నాయన మైకులో బాగా మాట్లాడేవాడు. జనం మూగారు. తలపాగాలు, చంకల్లో పిల్లలు, తలల మీద మూటలు. నన్ను ఎత్తి బల్లమీద నిలబెట్టాడు. నేను పెదాలు బిగబట్టి, బుగ్గలు సాగదీసి నవ్వాను.

"పొట్లం మింద పండ్లు కనపడతాండాయి గదప్పా! నవ్వమను" అన్నాడు ముందున్న తలపాగా ఆయన.

"పాపకు సిగ్గు అన్నా, శానా సిగ్గు..."

"కాయితంలో పరీక్ష చేసుకోమని రాసినావే! నోరు తెరువు పాపా!"

అందరూ అందుకున్నారు. తెరువు, తెరువు. నేను పెదాలు ఇంకా బిగించాను. నాయన చెయ్యి నా కాలి మీద ఉంది, అది అంతకంతకూ బిగుసుకుంటోంది. ఆ పట్టు తెలిశాక నావల్ల కాలేదు. ఏడుపొచ్చింది. చిన్నపిల్ల ఏడిస్తే నోరు మూసుకుని ఏడుస్తుందా? నోరంతా తెరిచి ఏడ్చాను. ముందు వరుసలో ఇంత వాకిలి.

ముందున్నవాళ్ళు వెనకవాళ్ళకు వేలెత్తి చూపించారు. ఆ తర్వాత బస్టాండంతా నవ్వింది.

"ఏమప్పా, నీ పొడి ఏసుకుంటే ఉండే పండ్లు గూడ రాల్తాయా!"

"నవ్వే సాక్ష్యమంట! సాక్ష్యం బాగుండాది!"

నాయన మైకు కింద పెట్టాడు. దండలు ఒక్కొక్కటే విప్పి మూటలో వేసుకోవడం మొదలుపెట్టాడు. నేను బల్ల మీదే నిలబడి ఆ వంగిన వీపు చూశాను. మిల్లులో ఆ కుర్చీ ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు, కానీ నాయన దానికేసి నడుస్తున్నాడని అంత చిన్నతనంలోనూ అర్థమైంది.

పక్కనే చెరుకు గడలు అమ్మే బండి ఉంది. జేజి అటు వెళ్ళింది. ఒక గడ తీసుకుని బల్ల దగ్గరికి వచ్చి నా పక్కన నిలబడింది. ఎప్పటిలా కొంగు నోటికి అడ్డం ఉంది. ఆ కొంగును ఆమె కిందికి దించి నడుములో దోపుకుంది. గడను అడ్డంగా నోట్లో పెట్టుకుని కర్రున పై చెక్కు చీల్చింది. చీల్చి, పక్కకు ఊసి, మళ్ళీ చీల్చింది. కణుపు దగ్గర కూడా ఆగలేదు. పంట కింద చెరుకు విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది, ఎందుకంటే అప్పటికే జనం నోళ్ళు మూతపడ్డాయి.

నేను జేజి పళ్ళు చూడటం అదే మొదలు. కొంచెం గార పట్టిన పళ్ళు, కానీ ఒక్క సందు లేదు. నా పక్కన, నా ఇంట్లో, ఇన్నేళ్ళూ గోడవైపు తిరిగి అన్నం తిన్నవి అవే.

ఆమె నములుతూనే మాట్లాడింది. మైకు పట్టుకోలేదు.

"ఆ బిడ్డవి పాలపండ్లు. రాల్తాయి. నీయి రాల్లేదా అప్పా? నీ బిడ్డలయి రాల్లేదా? రాలకుంటే కొత్తయి యాడ మొలుస్తాయి? ఈ పొడి నేను కాపురానికి వచ్చినకాడి నుండి ఏసుకుంటాండా. మనమరాలు ఉండేదాన్ని. ఇంగ చూడు." అని నోరు బార్లా తెరిచింది.

తలపాగా ఆయన అంత తేలిగ్గా ఓడిపోయే రకం కాదు. మెడ చాచి చూశాడు. "కట్టుడు పండ్లేమో అవ్వా?"

"అట్లనా! ఏలు పెట్టు, తెలుస్తాది."

ఆయన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. మళ్ళీ బస్టాండంతా నవ్వింది. కానీ ఈ నవ్వు వేరు. ఈసారి మేమూ అందులో ఉన్నాం. మొదటి పొట్లం ఆ తలపాగా ఆయనే కొన్నాడు. తర్వాత ఎవరు కొన్నారో నాకు తెలియదు, చేతులే కనిపించాయి. దుమ్ము కొట్టుకున్న ఒక శిల్పి అయితే ఉలి చంకలో పెట్టుకుని వచ్చి, జేజి నోటివైపు కాసేపు తన పని చూసుకున్నట్టు చూసి, రెండు పొట్లాలు తీసుకున్నాడు. సాయంత్రానికి మూటలు ఖాళీ.

తిరుగు బస్సులో జేజి కొంగు మళ్ళీ నోటికి వచ్చింది. కిటికీవైపు తిరిగి కూర్చుంది. అక్కడినుంచే నెమ్మదిగా అంది.

"ఊళ్ళో ఎవురికీ చెప్పొద్దురా. అంతమంది మగోళ్ళ ముందర పండ్లు జూపిస్తి. మీ నాయన ఉంటే ఏమనేటోడో."

"ఏమంటాడమ్మా? మెచ్చుకునేటోడు" అన్నాడు నాయన. ఆయన నవ్వుతున్నాడు, కళ్ళు మాత్రం తుడుచుకుంటున్నాడు. "ఇంగ పొట్లం మింద నీ బొమ్మే ఎయ్యాల."

జేజి ఒప్పుకోలేదు. నాయన వదల్లేదు. బతిమాలి బతిమాలి స్టూడియోకు తీసుకుపోయాడు, నేనూ వెళ్ళాను. కుర్చీలో బుద్ధిగానే కూర్చుంది. నవ్వమంటే నవ్వింది కూడా. కానీ ఫోటో ఆయన కెమెరా రబ్బరు బల్బు నొక్కే సమయానికి చెయ్యి దానంతట అదే లేచి కొంగును నోటికి తెచ్చేది. మళ్ళీ తీశాడు. మళ్ళీ కొంగు. "ఆళ్ళగడ్డలో చేసినావు గదమ్మా, ఈడ ఎవురుండారు?" అని నాయన మొత్తుకున్నాడు. జేజి కొంగు వెనక నుంచే అంది, "ఆడ నీ మొగం చూసి చేస్తి. ఈడ ఎందుకు చేయల్ల?" నాయన "వద్దులేప్పా, చాలు" అని ఫోటో ఆయనతో చెప్పి ఆమెను లేపుకొచ్చేశాడు.

కానీ ఆళ్ళగడ్డ ఆయనకొక సంగతి నేర్పింది. మర్నాడే పెయింటరన్న ఇంటికి పోయి, గోడ మీద పాపకు ముందు పళ్ళు రెండూ చెరిపేయమన్నాడు.

"ఇన్నేండ్లు బొమ్మలేస్తి. పండ్లు పీకమన్నోడు నువ్వే మొదటోనివప్పా" అని పెయింటరన్న తల పట్టుకున్నాడు. అయినా నిచ్చెన ఎక్కాడు. రెండు పళ్ళ చోట నల్లరంగు పూశాడు. కింద కొత్తగా రాశాడు: "పాలపళ్ళు రాలాయి. కొత్తవి వస్తున్నాయి. చూస్తూ ఉండండి."

నిజంగానే చూశారు. నా నోరు ఊరి సొంతమైంది. పెయింటరన్న అప్పుడప్పుడు మా వాకిట్లోకి వచ్చి, నన్ను వెలుగులో నిలబెట్టి, "ఆ అను" అని, ఎంత మొలిచిందో వేలితో కొలుచుకుని పోయి గోడ మీద అంతే మొలిపించేవాడు. ఆళ్ళగడ్డ బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూసేవారు. కోయిలకుంట్ల నుంచి వచ్చిన మా మేనత్త చెప్పింది, వాళ్ళూళ్ళో సంతకు పోయొచ్చిన వాళ్ళను "పాపకు పండ్లొచ్చినాయా?" అని అడుగుతున్నారని. చర్చిలో పాస్టరుగారు చెయ్యి కలుపుతూనే కొంచెం వంగి నా నోట్లోకి చూసేవారు. రెండోది కాస్త వంకరగా మొలిచింది. అమ్మ దాన్ని గోడ మీద తిన్నగా గీయమంది. నాయన ఒప్పుకోలేదు.

"ఎట్లుంటే అట్లే ఎయ్యన్నా. ఒగసారి దాసిపెట్టి చూస్తి గదా" అన్నాడు.

నాయన మిల్లుకు తిరిగి పోలేదు. ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. కొన్నాళ్ళకు ఓనరు ఇంట్లోంచి పొట్లం కోసం పనిమనిషి వచ్చింది. నాయన ఏమంటాడోనని నేను తలుపు వెనక నుంచి చూశాను. పొట్లం ఇచ్చి, "తడి తగలనీయొద్దని చెప్పమ్మా" అన్నాడంతే.

తర్వాతివి అందరికీ తెలిసిన సంగతులే. ఊరికి ట్యూబులొచ్చాయి, నురగొచ్చింది, ఇంటింటికీ టీవీ వచ్చి అందులో పళ్ళు మా గోడకంటే తెల్లగా మెరిశాయి. మా అక్కే దాచుకుని ట్యూబు వాడటం మొదలుపెట్టింది, ఆ తర్వాత నేనూ. రోలు మూలకు చేరింది. గోడ మీద నా మొహం మీదికి సిమెంటు కంపెనీ ఎక్కింది, ఆ పైన రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడే పోయింది. జేజి పోయిన రోజు ఆమె నోట్లో పళ్ళన్నీ ఉన్నాయి. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు పెదాలు మూసే ఉన్నాయి. ఎవరో బంధువు కొంగు నోటి మీదికి సర్దబోతే నాయన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఇంట్లో జేజి ఫోటోలు స్టూడియోలో తీసినవి ఉన్నాయి. అన్నిటిలోనూ కళ్ళు నవ్వుతుంటాయి, కింద కొంగు. ఆ నవ్వు పూర్తిగా చూసినవాళ్ళం ఆళ్ళగడ్డ బస్టాండులో ఆ పూట ఉన్నవాళ్ళమే. వాళ్ళలో ఇంకా ఎవరు మిగిలారో నాకు తెలియదు. ఆ ఫోటోల్లో ఒక్కటైనా సరిగ్గా వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ నా మనసు పీకుతుంది.

మనవరాలు అంతా విని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఫోను అందుకుంది. ఎంతైనా వ్యాపారం మనిషి. తెర మీద నన్ను చూస్తూ కాస్త తటపటాయించింది.

"అవ్వా, ఏమనుకోవద్దు. పైన పన్ను ల్యా గదా. నోరు మూసుకొని నవ్వు సాలు. ల్యాకుంటే నేనే ఫోన్లో పన్ను పెట్టేస్తా, ఎవురికీ తెల్దు."

నా చెయ్యి అప్పటికే కొంగు అంచు పట్టుకుని గడ్డం దాకా వచ్చేసి ఉంది. నాకు ఆ అలవాటు లేదు, ఎప్పుడూ లేదు. ఎక్కడినుంచి వచ్చిందో ఆ చెయ్యి. దానివైపు చూసుకున్నాను. జేజి చెయ్యే అది, అవే నరాలు.

కొంగు దించి నడుములో దోపుకున్నాను.

"ఏమీ పెట్టొద్దు. ఎట్లుంటే అట్లే తియ్యి" అని నోరంతా తెరిచి నవ్వాను.